మా ప్యాక్‌ల మీద కాల్షియం లెక్క ఎందుకు మార్చామంటే

అందరికీ నమస్కారం. కుక్కల కోసం మేం చేసే మాంసం మిక్స్ ప్యాక్‌ల మీద ఈ వారం నుంచి లేబుల్ వేరేగా ఉంటుంది. ఎముక లేని మిక్స్ మీద ఇన్నాళ్లూ, కాల్షియం కోసం "కిలోకి ఒక చెంచా గుడ్డు పెంకు పొడి కలపండి" అని ఉండేది. దాన్ని తీసేసి గ్రాముల్లో రాశాం. ఎముకతో చేసే మిక్స్ మీద "కాల్షియం ఇంకేదీ కలపకండి" అని పెద్ద అక్షరాల్లో వేశాం. ఎముక లేని మిక్స్‌ని కుక్కపిల్లల కోసం అడిగితే ఇక ఇవ్వం. ఈ మూడు మార్పులూ మా పొరపాట్ల వల్ల వచ్చినవే. ఆ పొరపాట్లేంటో మీకు చెప్పకుండా ఊరికే లేబుల్ మార్చేయడం నాకు సరిగా అనిపించలేదు.

ముందు ఎముక మిక్స్ సంగతి. అందులో ఎముక కోసం కోడి మెడలు వాడతాం. మెడ బరువులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ ఎముక ఉంటుంది. కాబట్టి కిలో మిక్స్‌లో 300 గ్రాముల మెడలు వేస్తే ఎముక 10, 11 శాతం దగ్గర ఆగుతుంది. రెండు నెలల కిందట ఒక బ్యాచ్‌కి మెడలు సరిపడా రాలేదు. ఆర్డర్లు ఆగిపోతాయన్న టెన్షన్‌లో, అంతే బరువుకి కోడి పాదాలు వేయించాను. ఆ నిర్ణయం పూర్తిగా నాదే. పాదంలో సగానికి పైగా ఎముకే ఉంటుంది. బరువు సమానమే అయినా ఎముక వాటా 15 శాతం దాటిపోయింది.

నాలుగో రోజు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒకావిడ ఫొటో పంపారు. మోషన్ తెల్లగా, సుద్దముక్కలా, వేలితో నొక్కితే పొడిగా రాలిపోయేలా ఉంది. వాళ్ల పదకొండేళ్ల కుక్క పెరట్లో వంగి నిలబడి, ముక్కి ముక్కి, చివరికి మూలుగుతూ కూర్చుండిపోయిందట. "మీ ఫుడ్ తప్ప ఇంకేం పెట్టలేదండీ" అన్నారు. ఆ మాట ఆవిడ కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా బాధగా ఉంది. ఆ బ్యాచ్ మొత్తం వెనక్కి తీసుకుని అందరి డబ్బూ తిరిగిచ్చాం. ఆ కుక్క తేరుకోవడానికి వారం పట్టింది.

ఆ తర్వాత మిగతా లెక్కలన్నీ మొదటి నుంచి చూసుకున్నాను. కాల్షియం గురించి మమ్మల్ని అడిగేవాళ్లలో చాలామంది "మాంసం బలమైన ఆహారమే కదా, మళ్లీ కాల్షియం ఎందుకు?" అంటారు. అసలు చిక్కు మాంసంలోనే ఉంది. వంద గ్రాముల కొవ్వు తక్కువ మాంసంలో ఫాస్ఫరస్ దాదాపు 200 మిల్లీగ్రాములు ఉంటే, కాల్షియం 10, 15 మిల్లీగ్రాములే. లివర్‌లో ఈ తేడా ఇంకా ఎక్కువ. కుక్క తిండిలో ఫాస్ఫరస్ ఎంత ఉంటే కాల్షియం కనీసం అంత ఉండాలి, రెట్టింపు దాటకూడదు. ఒట్టి మాంసం పెడితే ఆ లెక్క పూర్తిగా తలకిందులవుతుంది.

అలాంటప్పుడు శరీరం ఏం చేస్తుందో తెలిస్తే మనకే భయమేస్తుంది. గుండె కొట్టుకోవాలన్నా, కండరం కదలాలన్నా రక్తంలో కాల్షియం ఒక స్థాయిలో ఉండి తీరాలి. తిండిలోంచి రాకపోతే మెడ దగ్గరుండే పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ వదిలి ఎముకల్లోంచి లాగిస్తాయి. ఇంటి దూలాలు పీకి పొయ్యిలో పెట్టుకున్నట్టన్నమాట. పొయ్యి మండుతూనే ఉంటుంది, కప్పు మాత్రం కుంగుతుంది. పెరుగుదల పూర్తయిన పెద్ద కుక్కల్లో దవడ ఎముక మెత్తబడి పళ్లు కదులుతాయి. పిల్లల్లో కాళ్లు వంగుతాయి, చిన్న గెంతుకే ఎముక విరుగుతుంది.

"బ్లడ్ టెస్ట్‌లో కాల్షియం నార్మల్ వచ్చింది, అంటే మా డైట్ సరిగ్గానే ఉన్నట్టు కదా?" అని ముగ్గురు నలుగురు అడిగారు. దయచేసి ఆ ఒక్క రిపోర్టు చూసి ధీమా పడకండి. ఎముకలు కరిగించి మరీ రక్తాన్ని నార్మల్‌గా ఉంచడమే శరీరం పని. ఎక్స్‌రేలో తేడా కనబడేది కూడా ఎముక చాలా పోగొట్టుకున్నాకే. డైట్ సరిగ్గా ఉందో లేదో గిన్నెలో ఏముందో లెక్క వేస్తేనే తెలుస్తుంది.

పాలు పోస్తున్నాం కాబట్టి సరిపోతుందని అనుకునేవాళ్లూ ఉన్నారు. పాలల్లో కాల్షియంతో పాటు ఫాస్ఫరస్ కూడా ఉంటుంది. కిలో మాంసంలోని తేడాని పాలతోనే పూడ్చాలంటే ఆరేడు లీటర్లు పోయాలి.

ఇక మా "ఒక చెంచా" సంగతి. ఒక ఆదివారం వంటింటి బల్ల మీద చిన్న గ్రాముల తూకం పెట్టుకుని, రెండు సీసాల్లో పెంకు పొడి తీసుకుని కూర్చున్నాను. ఒకటి రోట్లో నలిపింది, రవ్వలా ఉంది. రెండోది మిక్సీలో మెత్తగా పట్టింది. అదే టీ స్పూన్‌తో, తల గీసి కొలిచాను. రవ్వ మూడు గ్రాముల పైచిలుకు తూగింది. మెత్తటి పొడి ఐదున్నర. తర్వాత మా కస్టమర్ ఒకరు తాను వాడుతున్న చెంచా ఫొటో పంపితే, అలాంటిదే తీసుకుని పొడి గోపురంలా నింపాను. పదహారు గ్రాములు! మేం రాసిన ఒకే మాటకి ఒకరింట్లో మూడు, ఇంకొకరింట్లో పదహారు. ఆ తూకం ముందు చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

కొత్త లేబుల్ మీద ఉన్న లెక్క ఇది: పెరుగుదల పూర్తయిన పెద్ద కుక్కకి, కిలో ఎముక లేని మిక్స్‌కి, మెత్తటి పెంకు పొడి 6 గ్రాములు. గ్రాము పెంకులో సుమారు 0.38 గ్రాముల కాల్షియం ఉంటుంది కాబట్టి ఆరు గ్రాములంటే 2.3 గ్రాములు. కిలో మాంసంలోని ఫాస్ఫరస్ రెండు గ్రాములకి అది సరిపోతుంది. ఒక కోడిగుడ్డు పెంకు ఎండాక ఐదారు గ్రాములుంటుంది. పెంకులు కడిగి, పది నిమిషాలు నీళ్లలో మరిగించి, పూర్తిగా ఆరబెట్టి, వేళ్ల మధ్య గరుకు తగలనంత మెత్తగా పట్టండి. లోపలి పొర తీయక్కర్లేదు. గ్రాముల తూకం లేకపోతే ముందు అది కొనుక్కోండి, ఆ తర్వాతే మా మిక్స్ కొనండి. వ్యాపారం చేసేవాణ్ణి ఇలా అంటున్నానంటే అది ఎంత ముఖ్యమో అర్థం చేసుకోండి.

ఎముక మిక్స్ తీసుకునేవాళ్లు మాత్రం పెంకు పొడి వేయకండి. అందులో కాల్షియం ముందే ఉంది.

కుక్కపిల్లల విషయం కాస్త వివరంగా చెప్పాలి. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2006లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, 1000 కేలరీల తిండికి పెద్ద కుక్కకి 1 గ్రాము కాల్షియం చాలు. పిల్లకి 3 గ్రాములు కావాలి. దాంతో పాటు ఫాస్ఫరస్ కూడా రెండున్నర గ్రాములు కావాలి. మా మాంసం 1000 కేలరీలకి తెచ్చే ఫాస్ఫరస్ ఒకటిన్నర గ్రాముల చుట్టూనే ఉంటుంది. పెంకు పొడిలో దాదాపు కాల్షియం ఒక్కటే ఉంటుంది. ఎంత కలిపినా ఫాస్ఫరస్ కొరత అలాగే ఉండిపోతుంది, పైగా నిష్పత్తి పాడవుతుంది. ఎముకలో రెండూ ఉంటాయి, సుమారు రెండుకి ఒకటి చొప్పున. అందుకే పెరిగే పిల్లకి పెంకు పొడి సరైన దారి కాదు. ఈ సంగతి తెలియకుండానే ఏడాది పాటు పిల్లలకి ఎముక లేని మిక్స్ అమ్మాం. అలా తీసుకున్న ప్రతి ఇంటికీ ఈ నెలలో నేనే ఫోన్ చేస్తున్నాను.

దీనికి సరిగ్గా ఎదురు వైపు తప్పు కూడా జరుగుతోంది. ఒకరింట్లో పెద్ద జాతి పిల్ల ఉంది, నాలుగు నెలలు. వాళ్లు మా ఎముక మిక్స్ పెడుతూ, దాని మీద పెంకు పొడి వేస్తూ, రోజూ కాల్షియం టాబ్లెట్ కూడా ఇచ్చేవారు. "పెద్దగా పెరగాలి కదండీ" అన్నారు, అదంతా ప్రేమే. పిల్ల ముందు కాళ్లు ఈడుస్తుంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. అదనంగా ఇచ్చేవన్నీ ఆయన ఆపించారు. పెద్ద కుక్క ఎక్కువైన కాల్షియాన్ని చాలావరకు మోషన్‌లో వదిలేస్తుంది. ఆరు నెలల లోపు పిల్లకి ఆ అడ్డుకట్ట ఇంకా సరిగా ఉండదు. ఎంత పెడితే అందులో చాలా భాగం ఒంట్లోకి పోతుంది, కీళ్ల దగ్గరి మృదులాస్థి ఎముకగా మారే పని దెబ్బతింటుంది. పెద్దయ్యాక 32 కిలోలు దాటే జాతుల పిల్లలకి అమెరికా ఆహార ప్రమాణాల్లో గరిష్ఠ హద్దు కూడా ఉంది, 1000 కేలరీలకి 4.5 గ్రాములు. ఎక్కువ కాల్షియం జింక్ అందకుండా కూడా అడ్డుపడుతుంది.

విటమిన్ డి గురించి ఒక్క మాట. మనలా ఎండలో తిరిగి దాన్ని సరిపడా తయారు చేసుకోవడం కుక్కలకి చేతకాదు, తిండిలోంచే రావాలి. అది లేకపోతే పెట్టిన కాల్షియం సరిగా ఒంటబట్టదు. అలాగని చుక్కల మందు మీ అంతట మీరు మొదలుపెట్టకండి, ఎక్కువైతే అదీ ప్రమాదమే.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు 2013లో కుక్కల కోసం ఇంట్లో చేసుకునే 200 వంట పద్ధతుల్ని (రెసిపీల్ని) లెక్క కట్టారు. 190లో కనీసం ఒక్కటైనా అవసరమైన పోషకం తక్కువైంది. మా పాత లేబుల్ కూడా ఆ 190 లాంటిదే.

ఇక నుంచి మెడలు రాకపోతే బ్యాచ్ చేయం. ఆ వారం మీకు ఆలస్యమవుతుంది, ముందే చెప్తాం. ప్రతి బ్యాచ్ నమూనా ల్యాబ్‌కి పంపి, కిలోకి కాల్షియం ఎంత, ఫాస్ఫరస్ ఎంత అన్నది ప్యాక్ మీదే వేస్తాం.

మీ ఫ్రీజర్‌లో పాత లేబుల్ ప్యాక్‌లు ఉంటే పారేయక్కర్లేదు. మాంసం బాగానే ఉంది, పైన చెప్పిన తూకం పాటించండి. పిల్లకి ఎముక లేని మిక్స్ పెడుతుంటే మాత్రం ఆపి మాకు చెప్పండి, ప్యాక్‌లు మార్చి ఇస్తాం. కుక్క వయసు, బరువు, రోజుకి ఎన్ని గ్రాములు పెడుతున్నారు, టాబ్లెట్‌తో సహా ఇంకేం కలుపుతున్నారు, ఇవన్నీ రాసి పంపండి. పిల్ల కుంటుతున్నా, లేవడానికి ఇబ్బంది పడుతున్నా మా జవాబు కోసం చూడకుండా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు మా ప్యాక్ కూడా తీసుకెళ్లి చూపించండి.