తేదీ లేని టికెట్: రవాణా శాఖ మంత్రి గారికి ఒక కండక్టర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మీకు నేను రాస్తున్న నాలుగో కాగితం ఇది. మొదటి రెండు పోస్టులో పంపాను, ఉలుకూ పలుకూ లేదు. మూడోది ఒక ఆఫీసులో స్వయంగా ఇచ్చాను. నెల తర్వాత ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: "మీ అర్జీ సంబంధిత శాఖకు పంపబడినది" అని. సంబంధిత శాఖ అంటే మీదే కదా సార్. మీకు రాసిన ఉత్తరం తిరిగి తిరిగి మీ దగ్గరికే చేరిందన్నమాట. ఆ తర్వాత ఏమైందో మీకే తెలియాలి. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను. పేరు, డిపో రాయడం లేదు. ఎందుకు రాయడం లేదో కింద చెప్తాను.

నేను ఆర్టీసీ పల్లె వెలుగు బస్సులో కండక్టర్‌ని. ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో కలిపే విలీనం గురించి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు, ఫైలు మీ దగ్గరే ఉంది. నేను అడిగేది ఒక్కటే. ఏ తేదీ నుంచి?

టికెట్ మిషన్ గురించి ఒక మాట చెప్పనివ్వండి. నేను బటన్ నొక్కితే వచ్చే చిన్న కాగితం మీద ఎక్కడి నుంచి ఎక్కడికో ఉంటుంది, ధర ఉంటుంది, తేదీ ఉంటుంది. ఆ తేదీ పడకపోతే అది టికెట్ కాదు, చిత్తు కాగితం. దారిలో చెకింగ్ వాళ్లు ఎక్కి అలాంటి కాగితం చూస్తే ప్రయాణికుడిని కాదు, నన్ను దింపుతారు. 2023 ఆగస్టు 6న, ఆదివారం నాడు, అసెంబ్లీలో విలీనం బిల్లు పాస్ చేసి మాకు ఇచ్చింది అలాంటి టికెట్టే సార్. ఎక్కడి నుంచి: కార్పొరేషన్. ఎక్కడికి: ప్రభుత్వం. ఎంతమంది: 43,373. తేదీ దగ్గర మాత్రం ఖాళీ. ఆ తర్వాత నెలలో గవర్నర్ సంతకం కూడా అయింది. చట్టమైంది. అమల్లోకి వచ్చే రోజు ప్రభుత్వం ప్రకటించాలి, అంతే మిగిలింది. మేము బస్సులో ఎక్కి కూర్చునే ఉన్నాం, బస్సు డిపో గేటు దాటలేదు.

ఆ బిల్లు మీరు తెచ్చింది కాదు, నాకు తెలుసు. పాత ప్రభుత్వం ఎన్నికల ముందు హడావుడిగా తెచ్చిందని మీ వాళ్లు అప్పుడే అన్నారు. నిజమే కావచ్చు. కానీ విలీనం పూర్తి చేస్తామని మీ మేనిఫెస్టోలో రాసుకున్నది మీరే కదా. మేము ఆ కాగితం కూడా దాచుకున్నాం. మాకు కాగితాలు దాచుకోవడం బాగా అలవాటైంది.

ఆ ఆదివారం సంగతి చెప్తాను వినండి. అంతకు ముందు రోజే, బిల్లు పెట్టడానికి గవర్నర్ గారి అనుమతి రాలేదని పొద్దున రెండు గంటలు బస్సులు ఆపాం. హైదరాబాద్ వాళ్లు రాజ్‌భవన్ దాకా వెళ్లారు. మరునాడు బిల్లు పాసైందని టీవీలో చెప్పగానే మా డిపో ముందు పటాకులు కాల్చారు. మా ఆయన అర కిలో జిలేబీ తెచ్చాడు. ఊళ్లో అందరూ "ఇగ నువ్వు గవర్నమెంటు" అన్నారు. మా ఆడపడుచు అయితే ఆ వారంలోనే అప్పు అడగడానికి వచ్చింది. నవ్వులాటకు చెప్పడం లేదు. బిడ్డకు సంబంధం చూస్తున్నప్పుడు అబ్బాయి తరఫు వాళ్లు మొదట ఒక మాట అనుకుని, నేను ఆర్టీసీలో చేస్తానని తెలిసి, "మీది గవర్నమెంటు అయింది కదా, దానికి తగ్గట్టు ఉండాలి" అని మాట పెంచారు. ఇంకా కాలేదండీ అంటే నమ్మలేదు, అసెంబ్లీలో అయింది, పేపర్లో వచ్చింది కదా అన్నారు. ఆ సంబంధం తప్పిపోయింది. అలా కట్నకానుకల లెక్కలో మాత్రం నేను రెండేళ్లుగా ప్రభుత్వ ఉద్యోగినే. జీతం లెక్కలో కాదు. బ్యాంకులో లోన్ కాగితం మీద "ప్రభుత్వమా, ప్రైవేటా" అనే గడి దగ్గర పెన్ను ఆగిపోతుంది. ఏది టిక్ పెట్టమంటారో మీరే చెప్పండి.

ఇది నా బాధ, చిన్నది. మా డిపోలో ఒక డ్రైవరన్న ఉండేవాడు, ముప్ఫై ఏళ్ల సర్వీసు. బిల్లు పాసైన రోజు అందరికన్నా ఎక్కువ సంబరపడింది ఆయనే. 60 నిండడానికి ఇంకా ఏడాది ఉంది, లోపల ఎప్పుడో అయిపోతుంది అన్నాడు. నెలనెలా ఆఫీసుకు వచ్చి "వచ్చిందా?" అని క్లర్కును అడిగేవాడు. ఏమిటి వచ్చిందా అని ఎవరూ అడిగేవారు కాదు, అందరికీ తెలుసు. రాకుండానే రిటైర్ అయ్యాడు. శాలువా కప్పాం, ఫోటో దిగాం. ఇప్పుడు ఆయనకు వచ్చేది పీఎఫ్ పెన్షన్, అది మందులకు కూడా చాలదు. రేపు మీరు తేదీ ప్రకటించినా ఆయనకు వర్తించదు. పెన్షన్ సంగతి ఆ చట్టంలో తేలలేదని చదువుకున్నవాళ్లు అంటారు. ఉండవచ్చు. కానీ ప్రభుత్వం లోపల ఉంటే అడగడానికైనా దారి ఉండేది. చట్టం అయిన తర్వాత, తేదీకి ముందు, ఇలా బయటికి పోతున్నవాళ్లు ప్రతి నెలా ప్రతి డిపోలో ఉన్నారు. మీరు తేదీ వేయని ప్రతి నెల కొందరికి శాశ్వతంగా తలుపు మూస్తుంది. మీరు "పరిశీలిస్తున్నాం" అన్నప్పుడల్లా నాకు ఆ డ్రైవరన్న గుర్తొస్తాడు.

పక్క రాష్ట్రంలో ఆర్టీసీ వాళ్లను 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వంలో కలిపారు. వాళ్లకూ సమస్యలు ఉన్నాయి, మా బంధువు ఒకతను అక్కడ చేస్తాడు, అన్నీ చెప్తాడు. కానీ అతనికి ఒక తేదీ ఉంది.

మాకు ఆ తేదీ విలువ ఎందుకు ఇంత తెలుసంటే, దాని కోసం 52 రోజులు రోడ్డు మీద కూర్చున్నాం కాబట్టి. 2019 అక్టోబర్ 5న సమ్మె మొదలైంది. మరునాడు సద్దుల బతుకమ్మ. మొదటి డిమాండ్ విలీనమే. సాయంత్రం ఆరింటి లోపు డ్యూటీకి రాకపోతే ఉద్యోగం పోయినట్టే అన్నారు. రాలేదు. "సెల్ఫ్ డిస్మిస్" అనే మాట అప్పుడే నేర్చుకున్నాం. నన్ను నేనే తీసేసుకున్నానట! దాదాపు 48 వేల మంది ఒక్క సాయంత్రం తమను తామే తీసేసుకున్నారట. అంతకు ముందు నెల పనిచేసిన జీతం కూడా ఆపేశారు. పండుగ పూట ఇంట్లో నూనె లేదు. అక్టోబరు చివర్లో పత్తి చేతికొచ్చింది కాబట్టి బతికాం, పొద్దున సమ్మె టెంటులో కూర్చుని మధ్యాహ్నం పత్తి ఏరడానికి పోయేదాన్ని. ఖాకీ వేసుకున్న చేతులకు పత్తికాయ ముళ్లు గుచ్చుకుంటే నొప్పి కన్నా సిగ్గు ఎక్కువ అనిపించింది, ఎందుకో తెలియదు. ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకుని చనిపోయిన రోజు మా టెంటులో ఎవరూ మైకు పట్టుకోలేదు. నవంబర్ 25న సమ్మె ఆపేశామని నాయకులు చెప్పారు. మరునాడు డ్యూటీకి పోతే గేటు దగ్గర పోలీసులు లోపలికి రానివ్వలేదు.

చివరికి తీసుకున్నారు. అప్పటి ముఖ్యమంత్రి ఉండే ప్రగతి భవన్‌లో భోజనం పెట్టారు, సమ్మె కాలం జీతం ఇచ్చారు, రిటైర్మెంట్ 60 ఏళ్లు చేశారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆడవాళ్లకు రాత్రి ఎనిమిది తర్వాత డ్యూటీ వద్దన్నారు. ఆ మాట విని ఏడ్చినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు నా బస్సు డిపోకు ఎన్నింటికి చేరుతుందో మీరు ఏదో ఒక రోజు వచ్చి చూడండి. ఆ రోజే యూనియన్లకు బదులు వెల్ఫేర్ కమిటీలు, రెండేళ్ల పాటు యూనియన్ మాటే వద్దు అన్నారు. ఆ రెండేళ్లు ఎప్పుడో దాటాయి. మా తరఫున ఏ యూనియన్ మాట్లాడాలో తేల్చే గుర్తింపు ఎన్నికలు చివరిసారి జరిగింది 2016లో. అందుకే సార్ పేరు రాయనిది. మా తరఫున మాట్లాడే గుర్తింపు సంఘం లేనప్పుడు, ఒంటరిగా మాట్లాడిన కండక్టర్‌కు వచ్చేది చార్జ్‌షీటే.

ఆ 52 రోజుల్లో మా టెంట్లలోకి వచ్చి కూర్చున్నవాళ్లలో మీ పార్టీ వాళ్లు ఉన్నారు. విలీనం న్యాయమైన కోరిక అని మైకులో చెప్పారు. చాయ్ తాగారు. మేమే పోశాం. ఆ చాయ్ లెక్క అడగడం లేదు, ఆ మాట లెక్క అడుగుతున్నాను.

జీతం గురించి క్లుప్తంగా చెప్తాను, ఎక్కువ చెప్తే మీకు కోపం వస్తుంది. మాకు నాలుగేళ్లకోసారి వేతన సవరణ, అదే పీఆర్సీ. 2017లో రావాల్సింది 2024లో ఇచ్చారు. 21 శాతం అని పేపర్లన్నీ రాశాయి. అందులో 16 శాతం మధ్యంతర భృతి పేరుతో అప్పటికే వస్తోంది. కొత్తగా చేతికి అందింది ఐదు. పాత బకాయిలు రిటైర్ అయినప్పుడు, అది కూడా వడ్డీ లేకుండా. 2021ది రాలేదు. 2025ది కూడా వచ్చే టైం దాటింది. ప్రభుత్వ ఉద్యోగుల పీఆర్సీ అడిగితే మీరింకా కార్పొరేషన్ అంటారు, కార్పొరేషన్ పీఆర్సీ అడిగితే మీరు ప్రభుత్వంలోకి వస్తున్నారు కదా అంటారు. రెండు స్టేజీల మధ్య దించేసిన ప్రయాణికుడికి ఏ బస్సూ ఆగదు.

2025 జూలైలో, ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇచ్చే మహాలక్ష్మి 200 కోట్ల ప్రయాణాలు దాటిందని బస్టాండ్లలో సంబరాలు చేశారు. బాగుంది. నేనూ ఆడదాన్నే, నా బస్సులో కూలికి పోయే అక్కలు టికెట్ డబ్బు లేకుండా వెళ్తుంటే నాకూ సంతోషమే. ఇది నిజంగా చెప్తున్నాను, ఎత్తిపొడుపు కాదు. కానీ ఆ 200 కోట్ల జీరో టికెట్లు వాటంతట అవే చిరగలేదు సార్. ఒక్కొక్కరి ఆధార్ చూసి, నిలబడ్డవాళ్ల మధ్య నుంచి జరిగి, స్టేజీ రాకముందే కొట్టాలి. ఒక్కటి తప్పితే కేసు నా మీద. సీటు కోసం జుట్లు పట్టుకుంటే విడదీసేది నేను. ఫుట్‌బోర్డు మీద ఎవరైనా జారితే జవాబు చెప్పేది నేను, డ్రైవర్. సాయంత్రానికి గొంతు ఉండదు. నీళ్లు తాగితే మధ్యలో పోవడానికి చోటు లేదని చాలామంది నీళ్లే తాగరు. ఆ సంబరాల బ్యానర్ మీద మీ ఫోటో ఉంది, ముఖ్యమంత్రి గారి ఫోటో ఉంది. మా ఫోటో అడగడం లేదు. తేదీ అడుగుతున్నాం.

2025 జనవరిలో మా యూనియన్ల ఉమ్మడి వేదిక జేఏసీ 21 డిమాండ్లతో సమ్మె నోటీసు ఇచ్చింది. మే నెల వచ్చేదాకా ఏదీ తేలలేదు. మే 7 నుంచి బస్సులు ఆగుతాయి అనగానే అందరికీ టెన్షన్ పట్టుకుంది, అప్పుడు పిలిచారు. అంతకు ముందే మేడే నాడు ముఖ్యమంత్రి గారు సమ్మె వద్దు, రాష్ట్రం పరిస్థితి అర్థం చేసుకోండి అన్నారు. మీరు కూడా ప్రేమగా మాట్లాడారని నాయకులు చెప్పారు. ఐఏఎస్ అధికారులతో కమిటీ వేశారు. సమ్మె వాయిదా పడింది. ఇప్పుడు సెప్టెంబర్. బతుకమ్మ వచ్చింది. ఆ కమిటీ మా గురించి ఏం రాసిందో మా డిపోలో ఎవరికీ తెలియదు. సమ్మె చేస్తామంటే కమిటీ వస్తుంది, సమ్మె ఆగితే కమిటీ కనబడదు. మేము మళ్లీ రోడ్డెక్కాలనే మీ ఉద్దేశమా? మాకైతే లేదు. 2019 చూసినవాళ్లకు ఎవరికీ లేదు. అలాగని ఎక్కలేమని అనుకోకండి.

ఈలోగా డిపోల్లోకి ఎలక్ట్రిక్ బస్సులు వస్తున్నాయి. బస్సు కంపెనీది, డ్రైవర్ కంపెనీవాడు. మా డ్రైవర్లు వాటిని చూసి ఏమీ అనరు, పక్కకు పోయి బీడీ ముట్టిస్తారు. మీరు తేదీ వేసేసరికి విలీనం చేయడానికి ఎవరు మిగులుతారో అని వాళ్ల భయం. ఆ భయం తప్పయితే తప్పని ఒక్క మాట చెప్పండి.

డబ్బు లేదంటారు. సరే, లేదనే అనుకుందాం. ఈ నెల కాకపోతే వచ్చే నెల, వచ్చే నెల కాకపోతే వచ్చే ఏడాది ఏప్రిల్ అని అయినా చెప్పండి. విలీనం తేదీ ప్రకటించండి. పాత పీఆర్సీలు తేల్చండి. యూనియన్ ఎన్నికలు పెట్టండి, మీకు మాట్లాడటానికి కూడా అవతల ఒక మనిషి ఉంటాడు. రిటైర్ అయిపోయినవాళ్ల గురించి ఏదైనా ఆలోచించండి, ఏం ఆలోచించాలో నాకు తెలియదు, ఆ డ్రైవరన్నకు ఏం చెప్పాలో కూడా తెలియదు. కానీ ముందు తేదీ. అది ఒక్కటి వేస్తే మిగతావి అడుక్కోవడానికి మాకు ఒక చిరునామా ఉంటుంది.

ఈ ఉత్తరానికి కూడా "సంబంధిత శాఖకు పంపబడినది" అని మెసేజ్ పెట్టకండి, దండం పెడతాను.

పండుగకు స్పెషల్ బస్సులు వేశారు. సద్దుల బతుకమ్మ రోజు నాకు తెల్లవారుజామున 4:50 సర్వీసు పడింది. తంగేడు పువ్వు తేవడం ఈసారి కూడా మా బిడ్డ మీదే. సంతకం లేదని ఏమీ అనుకోకండి.

ఇట్లు,
ఒక పల్లె వెలుగు కండక్టర్
సెప్టెంబర్ 2025