బుజ్జిగాడి ఒత్తులు

చి.ల.సౌ. చిట్టికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. నాన్న మోకాలికి రోజూ నూనె రాస్తున్నాను, తగ్గిందని ఆయన ఒప్పుకోవడం లేదు. తెనాలిలో ఎండలు ముదిరాయి. మేడ మీద మాగాయ ముక్కలు ఎండుతున్నాయి, కాకులకు నేనే కాపలా.

మీ పద్మ వదిన పుణె నుంచి వస్తూ ఇక్కడ దిగింది. మీ ఇంటికి గాలీ వెలుతురూ బాగున్నాయంది. మాటల్లో మాటగా, బుజ్జిగాడు తప్పు పోయిన తెలుగు మాటలు తలా యాభైసార్లు రాస్తూ, రాత్రి తొమ్మిదైనా అన్నానికి లేవలేదని చెప్పింది. పద్మ గోరంతలు కొండంతలు చేస్తుంది, నేను పట్టించుకోలేదు. వాడు ఈమధ్య ఫోను దగ్గరికి రాకపోవడానికి ఏదో ఆట కారణమై ఉంటుంది.

ఈసారి మామిడికాయ పులుపు తక్కువ. అన్నట్టు, వాడు 'అమమ్మ' అని రాశాడటగా? బడిలో వాడు రాసేది దేవనాగరి. అక్కడ జంట అక్షరాల్లో మొదటిదాన్ని సగం చేసి పక్కన పెడతారు, మనకు రెండోది కిందికి దిగుతుంది. చప్పట్లు కొడుతూ పలికించు: అమ్-మమ్-మ. మాట ఆగి ముందుకు పోయిన చోటల్లా ఒత్తు. చెవికి దొరకనివి వేరే ఉన్నాయి. థ, ధ మనలో ఎవరు తేడాగా పలుకుతున్నారు? పొట్టలో చుక్క ఉన్నదేదో కన్నే పట్టుకోవాలి. మాట చూపించి, మూసి, రాయమను. తెరిచి తప్పు వాడినే వెతుక్కోనివ్వు. రోజుకు ఐదు మాటలు, పది నిమిషాలు, చాలు. యాభైసార్లు రాస్తే పదోసారికే బుర్ర నిద్రపోతుంది, చెయ్యి ఒక్కటే నడుస్తుంది. ఉపన్యాసం అనుకోకు.

నువ్వు మూడో తరగతిలో ఉండగా మీ అమ్మమ్మకు దగ్గు పట్టుకుంది, గుర్తుందా? 15 పైసల కార్డు ముందేసుకుని, బోర్లా పడుకుని, 'నీ దగు తగిందా' అని రాశావు. నాన్న దిద్దబోతే కార్డు పొట్ట కింద దాచుకున్నావు. అలాగే డబ్బాలో వేశాం. ఆవిడ జవాబులో నీ తప్పు ఊసే లేదు. 'మిరియాల కషాయం తాగాక దగ్గు తగ్గింది. ఇప్పుడు తాతయ్యకు దగ్గు. ఆయన దగ్గు కూడా తగ్గుతుంది' అంటూ కార్డు నిండా దగ్గే. పక్కవాటా వాళ్ళకు కూడా చదివి వినిపించి పడీపడీ నవ్వావు. తరువాతి కార్డులో రెండు ఒత్తులూ వాటి చోట ఉన్నాయి. ఆ ఊపులో కషాయానికి కూడా ఒకటి తగిలించావు.

వాడి చేత నాకు ఒక కార్డు రాయించు. నువ్వు దిద్దకుండా పంపు, జవాబు సంగతి నేను చూసుకుంటాను. బడి నుంచి రాగానే కూర్చోబెట్టకు, ముందు ఏదైనా తిననివ్వు. ఎనిమిదికల్లా అన్నం పెట్టు.

నువ్వు చిక్కిపోయావని కూడా పద్మ చెప్పింది. అది మాత్రం నమ్మాను. శనివారం రమణ మామయ్య వస్తున్నాడు, కందిపొడి, సున్నుండలు పంపుతున్నాను. అన్నీ వాడికే పెట్టి కూర్చోకుండా నువ్వూ తిను.

అమ్మ