కరోనా మరణాల లెక్కలో తేదీ, ఊరు రెండూ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

కరోనా మళ్లీ తలెత్తిందంటే చాలు, 'తిరుపతిలో ఇన్ని పాజిటివ్‌లు, ఇందరు మృతి' అన్న వార్తే ముందు వస్తుంది. 2020, 2021లో జనం ఈ అంకెలు చూసుకునే పెళ్లిళ్లు వాయిదా వేసుకున్నారు, దుకాణాలు మూసుకున్నారు. అంత బరువు మోసే అంకె ఎలా తయారవుతుందో, ఎక్కడ తప్పుతుందో జనానికి తెలియాలి. జిల్లా వైద్య ఆరోగ్య శాఖకూ నగరపాలక సంస్థకూ మీ పత్రికకూ నా విన్నపం ఒక్కటే. ప్రతి మరణాన్నీ అది జరిగిన తేదీ కింద, చనిపోయినవారి సొంత ఊరి కింద చూపించండి.

'గడిచిన 24 గంటల్లో 8 మంది మృతి' అని ప్రభుత్వం రోజూ ఇచ్చే బులెటిన్‌లో ఉంటే, ఆ ఎనిమిది మందీ నిన్ననే పోయారని కాదు. వారి కాగితాలు ఆ 24 గంటల్లో పైకి చేరాయని మాత్రమే. వార్డులో ఒకరు కన్నుమూస్తే డ్యూటీ డాక్టరు కేస్ షీటు ముగించాలి, ఫారం 4లో మరణ కారణం రాయాలి. ఆసుపత్రిలో ఈ పని చూసే నోడల్ అధికారి ఆ వివరాలను జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) కార్యాలయానికి పంపాలి. అక్కడ పరీక్ష ఫలితంతో, చిరునామాతో సరిచూశాకే అది రాష్ట్ర బులెటిన్‌కు ఎక్కుతుంది. పడకలు దొరకని రోజుల్లో మొట్టమొదట వెనకబడేది ఈ రాతపనే. అందుకే జబ్బు విజృంభించిన వారంలో మరణాలు తక్కువగానూ, తగ్గుముఖం పట్టాక ఎక్కువగానూ కనిపిస్తాయి. జనం జాగ్రత్త పడాల్సిన వారంలో ధైర్యంగా తిరుగుతారు, ధైర్యంగా ఉండాల్సిన వారంలో బెదిరిపోతారు.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. 'నేడు లెక్కలో చేరినవి 8. వీటిలో నిన్నటివి 2, మొన్నటివి 3, వారం దాటినవి 3' అని ఒక్క వరుస రాస్తే చాలు. దాంతోపాటు గత 14 రోజుల పట్టికను రోజూ సవరించి ఇవ్వాలి. పాత అంకె పెరిగితే అధికారులకు అదేమీ నామోషీ కాదు. లెక్క పని జరుగుతోందనడానికి అదే గుర్తు.

ఫారం 4 దగ్గరే మరో చిక్కుంది. దాని మొదటి భాగంలో వరుసలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పై వరుసలో చివరికి ప్రాణం తీసిన స్థితి, అంటే ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని ఊపిరి అందని స్థితి) లాంటిది రాయాలి. దాని కింద న్యుమోనియా, అట్టడుగున కోవిడ్-19. షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు రెండో భాగంలోకి వెళ్లాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇవే. అట్టడుగు వరుసలో ఉన్నదే మూలకారణంగా లెక్కకెక్కుతుంది. రాత్రి డ్యూటీ ఒత్తిడిలో 'కార్డియాక్ అరెస్ట్' అని ఒక్కమాట రాసి సంతకం పెడితే ఆ మరణం కోవిడ్ లెక్కలోంచి జారిపోయినట్టే. గుండె ఆగకుండా ఎవరూ చనిపోరు; దాన్ని కారణంగా రాయకూడదు. జబ్బుల అంతర్జాతీయ జాబితాలో, పరీక్షలో తేలిన కోవిడ్‌కు యూ07.1 అనీ, పరీక్షలో తేలకపోయినా లక్షణాలను బట్టి డాక్టరు నిర్ధారించినదానికి యూ07.2 అనీ కోడ్‌లున్నాయి. బులెటిన్ పాజిటివ్ రిపోర్టు మీదే నడుస్తుంది కాబట్టి రెండో రకం బయటే ఉండిపోతుంది. దాన్ని వేరే గడిలో చూపవచ్చు.

ఇళ్లలో పోయినవారి సంగతి ఇంకా అన్యాయం. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, 2021 సెప్టెంబరు 3న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు ఇంట్లో చనిపోయినా అది కోవిడ్ మరణమే. రూ.50 వేల పరిహారం కోసం తిరిగిన కుటుంబాలకు, మున్సిపాలిటీ ఇచ్చే మరణ ధ్రువపత్రంలో కారణమే ఉండదని అప్పుడు గానీ తెలియలేదు. ఇలాంటి అర్జీలు చూసిన జిల్లా కమిటీలు ఆలస్యంగా ఒప్పుకున్న మరణాలను వాటి అసలు తేదీల్లోకి వెనక్కి చేర్చాలి.

ఇక ఊరు. తిరుపతిలో రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రులు ఉన్నాయి కాబట్టి చిత్తూరు, కడప, నెల్లూరు, అనంతపురం వైపుల నుంచి రోగులు ఇక్కడికే వస్తారు. కొండకు వచ్చి జబ్బుపడే తమిళనాడు, కర్ణాటక యాత్రికులూ ఉంటారు. నమూనా తీసేటప్పుడు ఫారంలో లాడ్జి చిరునామా రాస్తే ఆ కేసు తిరుపతిదవుతుంది. ఆధార్‌లో ఉన్న ఊరు రాస్తే మరోచోటికి పోతుంది. రెండు గడులు పెట్టండి: సొంత ఊరు, చికిత్స పొందిన చోటు. మొదటిది వ్యాప్తిని చెబుతుంది, రెండోది పడకలు, ఆక్సిజన్ ఎంత కావాలో చెబుతుంది. 2021 మే 10 రాత్రి రుయాలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి, అధికారుల ప్రకటన ప్రకారమే 11 మంది పోయిన ఊరు మనది. ఏ ఆసుపత్రిపై ఎంత భారం పడుతోందో ముందుగా చూపే అంకె మనకు మరీ అవసరం.

పాత లెక్కలతో పోల్చేటప్పుడూ జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4కు ముందు 'చిత్తూరు జిల్లా' అంటే మదనపల్లె నుంచి శ్రీకాళహస్తి దాకా 66 మండలాలు. విభజనలో మదనపల్లె అన్నమయ్య జిల్లాకు పోయింది, సూళ్లూరుపేట, నాయుడుపేట నెల్లూరు నుంచి తిరుపతిలోకి వచ్చాయి. పాత జిల్లా అంకెను ఇప్పటి తిరుపతి అంకె పక్కన పెట్టి 'తగ్గింది', 'పెరిగింది' అనడం కుదరదు. మండలాల వారీగా మళ్లీ కూడాలి.

కేసుల అంకె నమూనాల సంఖ్య లేకుండా అచ్చు వేయవద్దు. 1,000 నమూనాల్లో 100 పాజిటివ్ అంటే 10 శాతం. మర్నాడు 400లో 60 వస్తే 15 శాతం. కేసులు తగ్గినట్టు కనిపించినా వ్యాప్తి పెరిగింది. ఆదివారం నమూనాలు తగ్గుతాయి కాబట్టి ఏడు రోజుల సగటే చూడాలి. ర్యాపిడ్, ఆర్‌టీపీసీఆర్ ఫలితాలను కలపకూడదు.

బులెటిన్‌ను సరిచూసుకోవడానికి మరో ఆధారం జనన మరణాల రిజిస్టరు. దేశంలో 2020లో సుమారు 81 లక్షల మరణాలు నమోదైతే 2021లో కోటీ 2 లక్షలు నమోదయ్యాయి. ఆ ఏడాది అధికారిక కోవిడ్ మరణాలు మూడు లక్షల పైచిలుకే. నమోదు మెరుగవడం వల్ల కొంత పెరిగి ఉండొచ్చు గానీ, అంత తేడా దానితోనే పూడదు. అన్ని కారణాల మరణాలనూ నగరపాలక సంస్థ నెలనెలా ప్రకటించి, గోవిందధామం లాంటి శ్మశానవాటికల రిజిస్టర్లతో సరిపోల్చాలి.

పేర్లు, వీధులు మాత్రం బయటపెట్టవద్దు. 2020లో ఇళ్లకు బారికేడ్లు కట్టి, నోటీసులు అంటించినందుకే చాలామంది పరీక్షకు రాకుండా దాక్కున్నారు. నగరంలోని 50 డివిజన్లలో ఎక్కడైనా కేసులు ఐదుకు లోపుంటే పక్క డివిజన్‌తో కలిపి చూపండి.

మీ పత్రికకు ఒక మనవి. తర్వాత సవరించిన అంకెను మొదటి అంకె వేసిన చోటే, అదే సైజు అక్షరాల్లో వేయండి.

– విశ్రాంత ఆరోగ్య గణాంక ఉద్యోగి, తిరుపతి