ప్రొటెక్షన్ ఆఫీసరు ఎవరో సచివాలయం గోడ మీద రాయండి

ఎడిటర్ గారికి,

మా పలాసలో మా వీధిలోనే ఉండే ఒకామె జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్తుంది, జీడి నూనెకి వేళ్ల చివర్లు ఎప్పుడూ నల్లగా మాడిపోయి ఉంటాయి. మొన్న పొద్దున్న కుళాయి దగ్గర బిందె ఎత్తలేక అలాగే నిలబడిపోయింది, చూస్తే మోచేతి నుంచి భుజం దాకా మొగుడి దెబ్బలకి కమిలిపోయి ఉంది. కేసు పెట్టమన్నాను. "జైల్లో వేయించాలని లేదు వదినా, కొట్టకుండా ఉంటే చాలు, రాత్రిపూట పిల్లలతో సహా బయటికి గెంటకుండా ఉంటే చాలు" అంది. ఇంతకుముందు ఒకసారి స్టేషన్‌కి వెళ్తే పెద్దమనుషుల్ని పిలిచి రాజీ చేసి పంపేశారట.

ఆమె అడిగిన ఆ రెండూ 2005 గృహహింస చట్టంలో ఉన్నాయండీ! కొట్టొద్దని, ఇంట్లోంచి వెళ్లగొట్టొద్దని మేజిస్ట్రేట్ ఆర్డర్ ఇవ్వొచ్చు, ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే, పిల్లల ఖర్చులకి డబ్బులూ ఇప్పించొచ్చు. ఆ ఆర్డర్ దాటితే అప్పుడు ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా. పిటిషన్ వేస్తే మామూలుగా 3 రోజుల్లో మొదటి వాయిదా, అక్కడి నుంచి 60 రోజుల్లో తేల్చేలా చూడాలి. ఆడవాళ్లకి ఉచితంగా లాయర్ని కూడా ఇస్తారు. మా వైపు మాత్రం అందరికీ తెలిసింది భార్యని హింసిస్తే పెట్టే పాత ఐపీసీ సెక్షన్ 498ఏ (2024 జులై నుంచి బీఎన్ఎస్ 85) ఒక్కటే, అంటే మొగుణ్ని జైలుకి పంపడం, ఆ భయంతోనే చాలామంది నోరు మూసుకుంటున్నారు.

ఆడవాళ్ల రక్షణకి పోలీసులు తెచ్చిన శక్తి యాప్ మంచిదే, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరూ మంచిదే. కానీ ఆమె ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది మొగుడి జేబులో ఉంటుంది. హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే వన్‌స్టాప్ సెంటర్‌కి వెళ్దామంటే శ్రీకాకుళం 70 కిలోమీటర్ల పైమాటే, ఒకరోజు కూలి పోతుంది, ఎక్కడికెళ్లావని ఇంట్లో మళ్లీ గొడవ.

ఈ చట్టం కింద బాధితురాలికి సాయంగా ఉండి మేజిస్ట్రేట్ దాకా చేర్చే ప్రొటెక్షన్ ఆఫీసర్లని తాలూకా స్థాయిలో కూడా పెట్టాలని 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. మా పలాసకి ఎవరు? వీధిలో నలుగుర్ని అడిగాను, ఒక్కరికీ తెలీదు. ఆ పేరు, ఫోన్ నంబరు ప్రతి గ్రామ, వార్డు సచివాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించమని కలెక్టర్ గారిని కోరుతున్నాను. వారానికి ఒక్కరోజైనా ఆ ఆఫీసరు సాయంత్రం పూట, జీడి ఫ్యాక్టరీలు వదిలాక, ఇక్కడే కూర్చోవాలి. ఈ చట్టం కింద పక్కింటివాళ్లు కూడా సమాచారం ఇవ్వొచ్చు కాబట్టి ఆమెకి ధైర్యం చాలకపోతే నేనే వచ్చి చెప్తాను.

ఒక పాఠకురాలు,
పలాస, శ్రీకాకుళం జిల్లా