డెలావేర్‌లో కంపెనీ పెడితే పన్ను తప్పుతుందా?

ఎడిటర్ గారికి నమస్కారం.

కిందటి ఆదివారం మీ ఎన్నారై పేజీలో అమెరికాలో చిన్న వ్యాపారం పెట్టాలనుకునేవాళ్ళకి సలహాలు వేశారు. చాలావరకు బాగానే ఉన్నాయి గానీ, డెలావేర్‌లోనో వయోమింగ్‌లోనో కంపెనీ రిజిస్టర్ చేసుకుంటే రాష్ట్ర పన్ను పడదని రాసిన ఆ ఒక్క వాక్యం చదివాక కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను. సరిగ్గా అదే మాట నమ్మి నేను 2,000 డాలర్లు పైనే పోగొట్టుకున్నాను, అందుకే ఈ ఉత్తరం.

మాది కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్. 2024 జనవరిలో మా గరాజ్‌లోనే డెకరేషన్ల పని మొదలుపెట్టాను. సీమంతాలు, బారసాలలు, ఓణీల ఫంక్షన్లు, శ్రావణమాసం వస్తే వరలక్ష్మి వ్రతాలు. ప్లాస్టిక్ అరటిచెట్లు నాలుగు, ఇత్తడి సెమ్మెలు ఆరు, చెక్క ఉయ్యాల ఒకటి, పెట్టెల నిండా గుడ్డ బంతిపూల దండలు. కార్లు రెండూ అప్పట్నుంచీ బయటే ఉంటున్నాయి. కంపెనీ ఎక్కడ పెట్టాలి అని మా వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒక్కరు కూడా ఆలోచించలేదు, అందరూ డెలావేర్ అనేశారు. పెద్ద పెద్ద కంపెనీలన్నీ అక్కడే ఉన్నాయి, వాళ్ళు తెలివితక్కువవాళ్ళా అన్నారు. నిజమే కదా అనిపించింది. ఏదో వెబ్‌సైట్లో అరగంట కూర్చుని క్రెడిట్ కార్డు గీకితే నాలుగు రోజుల్లో ఎల్‌ఎల్‌సీ (నాలాంటి చిన్న వ్యాపారులు పెట్టుకునే రకం కంపెనీ) సర్టిఫికెట్ వచ్చేసింది. మా ఆయన దాన్ని ప్రింట్ తీసి ఫ్రేమ్ కూడా కట్టించారు. తర్వాత సిటీ ఆఫీసుకి వెళ్ళి బిజినెస్ లైసెన్సు తీసుకున్నాను, అంతటితో అంతా అయిపోయిందనుకున్నాను.

2025 నవంబరులో రాష్ట్ర పన్నుల శాఖ నుంచి ఒక పల్చటి కవరు వచ్చింది. కంపెనీ పేరు సరిగ్గానే ఉంది, మా ఇంటి అడ్రసే ఉంది. మీ ఎల్‌ఎల్‌సీ మా రాష్ట్రంలో వ్యాపారం చేస్తున్నట్టు తెలిసింది, 2024కి రిటర్ను ఎందుకు వేయలేదు అని ప్రశ్న. మొదట ఏదో స్కామ్ అనుకుని రెండు రోజులు ఫ్రిజ్ మీద పడేశాను. వాళ్ళకెలా తెలిసింది అంటారా? ఇక్కడ ఊళ్ళ మునిసిపాలిటీలు లైసెన్సు తీసుకున్నవాళ్ళ వివరాలు రాష్ట్రానికి పంపుతాయి. నా పేరు నేనే వెళ్ళి ఇచ్చొచ్చానన్నమాట.

అప్పుడు ఒక తెలుగు సీపీఏ గారి దగ్గరికి, అంటే లైసెన్సున్న అకౌంటెంటు దగ్గరికి వెళ్ళాం. ఆయన కాగితాలు ముట్టుకోకుండానే, "ఎప్పుడైనా డెలావేర్ వెళ్ళావా అమ్మా?" అని అడిగారు. లేదండీ అన్నాను. "మరి ఆ ఉయ్యాల ఎక్కడుంది?" అన్నారు. గరాజ్‌లో ఉందండీ అన్నాను. "అయితే నీ కంపెనీ ఉన్నది కూడా అక్కడే" అన్నారు.

మొత్తం కిటుకంతా ఇంతే. కంపెనీ పుట్టిన ఊరు వేరు, పన్ను కట్టాల్సిన ఊరు వేరు. నేను పనిచేసేది కాలిఫోర్నియాలో, డబ్బులిచ్చేవాళ్ళు కాలిఫోర్నియావాళ్ళు, సామాను కాలిఫోర్నియాలో. అలాంటప్పుడు కాగితం ఏ రాష్ట్రానిదైనా ఇక్కడ వ్యాపారం చేస్తున్నట్టే లెక్క, ఎల్‌ఎల్‌సీ అయితే ఏటా కనీసం 800 డాలర్లు కట్టాల్సిందే. లాభం వచ్చినా నష్టం వచ్చినా అంతే. వసూళ్ళు రెండున్నర లక్షల డాలర్లు దాటితే దాని మీద ఇంకో ఫీజు, కనీసం 900, అది కూడా లాభం మీద కాదు, మొత్తం వసూళ్ళ మీద. ఇక నా చేతికొచ్చిన లాభం మీద పన్నంటారా, నేను కాలిఫోర్నియా నివాసిని కాబట్టి నా సంపాదన ఎక్కణ్ణుంచి వచ్చినా రాష్ట్రానికి లెక్క చెప్పాలి.

మనవాళ్ళకి సులువుగా అర్థమయ్యేలా చెప్పాలంటే, హైదరాబాద్ బెంగళూరు మధ్య తిరిగే ట్రావెల్స్ బస్సులకి నాగాలాండ్, అరుణాచల్ నంబర్ ప్లేట్లు చూసుంటారు కదా. పుదుచ్చేరి నంబరు వేసుకుని జూబ్లీహిల్స్‌లో తిరిగే కార్లు కూడా. ప్లేటు ఎక్కడిదైనా బండి తిరిగేది మన రోడ్డు మీద కాబట్టి రవాణా శాఖవాళ్ళు ఆపి పన్ను అడుగుతారు. కాకపోతే ఆ కార్లవాళ్ళకి తాము చేసేదేమిటో తెలుసు. నాకు అదీ తెలియదు.

ఫెడరల్ పన్నులో, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వపు పన్నులో అయినా ఏమైనా కలిసొస్తుందా అంటే అదీ లేదు. ఒక్కరే యజమాని ఉన్న ఎల్‌ఎల్‌సీ, కార్పొరేషన్‌లా పన్ను కడతానని ఎంచుకోకపోతే, ఐఆర్‌ఎస్ (కేంద్ర పన్నుల శాఖ) కళ్ళకి అసలు కనపడదు. లాభమంతా నా సొంత రిటర్నులో షెడ్యూల్ సీ అనే వ్యాపార లెక్కల కాగితంలోకి వస్తుంది, దాని మీద మామూలు పన్నుతో పాటు 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను, అంటే సొంత పని చేసుకునేవాళ్ళు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లకి కట్టేది. డెలావేర్ అయినా అలాస్కా అయినా ఈ లెక్క మారదు.

పైగా డెలావేర్ ఊరికే ఏం పెట్టుకోదు. ఎల్‌ఎల్‌సీకి ఏటా జూన్ 1 లోపు 300 డాలర్లు కట్టాలి, ఆలస్యమైతే 200 పెనాల్టీ, నెలకి ఒకటిన్నర శాతం వడ్డీ. అక్కడ మన తరఫున ఉత్తరాలు తీసుకోవడానికి రిజిస్టర్డ్ ఏజెంటు ఉండాలి, నా ఏజెంటుకి ఏటా నూరు డాలర్లు. అంటే ఇక్కడే పెట్టుకునుంటే 800తో పోయేది 1,200 అయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా. రెండేళ్ళ బాకీ 1,600, దాని మీద పెనాల్టీ, వడ్డీ, సీపీఏ గారి ఫీజు వేరే.

ఇంకోటి కూడా అప్పుడే తెలిసింది. ఒక నిశ్చితార్థానికి పెట్టిన డెకరేషన్‌కి 1,400 డాలర్లు రావాలి, వాళ్ళు ఇవ్వట్లేదు. కోర్టుకెళ్దామంటే, బయటి రాష్ట్రపు ఎల్‌ఎల్‌సీ ఇక్కడ రిజిస్టర్ చేసుకోకుండా వ్యాపారం చేస్తే ఇక్కడి కోర్టులో దావా నడపలేదట. ఆ రిజిస్ట్రేషన్ ఫీజు 70 డాలర్లు! 70 కట్టకపోవడం వల్ల 1,400 అడిగే నోరు లేకుండా పోయింది. పన్ను కంటే ఇదే ఎక్కువ మండింది నాకు.

ఇక మా తమ్ముడి కథ ఇంకా తమాషా. వాడు ఉండేది టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో. అక్కడ వ్యక్తులకి రాష్ట్ర ఆదాయ పన్నే లేదు. కంపెనీలకి ఫ్రాంచైజ్ టాక్స్ అని ఒకటుంది గానీ 2024, 2025 రిపోర్టులకి 24 లక్షల 70 వేల డాలర్ల దాకా వసూళ్ళున్నవాళ్ళకి అది సున్నా, మే 15 లోపు ఒక కాగితం వేస్తే చాలు. 300 డాలర్లతో అక్కడే ఎల్‌ఎల్‌సీ పెట్టుకుని హాయిగా ఉండొచ్చు. మావాడు మాత్రం పన్ను లేదని వయోమింగ్‌కి వెళ్ళాడు. లేని పన్ను తప్పించుకోవడానికన్నమాట! వయోమింగ్‌కి ఏటా 60, ఏజెంటుకి వేరే, చివరికి టెక్సాస్‌లో బయటి కంపెనీగా రిజిస్టర్ చేసుకోవడానికి 750. అది కూడా ఆలస్యం చేస్తే ఆలస్యం చేసిన ప్రతి ఏడాదికీ ఇంకో 750 ఫీజు. వాడిని నేను ఆటపట్టించే స్థితిలో లేను గానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

డెలావేర్ అందరికీ దండగే అని నేననడం లేదు. ఇన్వెస్టర్ల దగ్గర డబ్బు తీసుకోవాలనుకునే స్టార్టప్ అయితే వాళ్ళే డెలావేర్ కార్పొరేషన్ (షేర్లుండే రకం కంపెనీ) కావాలంటారు. అక్కడి ఛాన్సరీ కోర్టులో జ్యూరీ ఉండదు, కంపెనీ గొడవలు తీర్చడంలో ఆ జడ్జీలు ఆరితేరినవాళ్ళు, వందేళ్ళ పైబడిన తీర్పులున్నాయి. ఫార్చ్యూన్ 500 కంపెనీల్లో మూడింట రెండు వంతులు అక్కడున్నది అందుకే, పన్నొక్కటే కారణం కాదు. వాళ్ళు కూడా వ్యాపారం చేసే రాష్ట్రాల్లో పన్ను కడుతూనే ఉన్నారు. అమ్మకం పన్ను సంగతి కూడా అంతే, 2018లో సౌత్ డకోటా వర్సెస్ వేఫేర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, అమ్మకాలు ఓ పరిమితి దాటితే ఆఫీసు లేని రాష్ట్రం కూడా పన్ను వసూలు చేసి కట్టమనగలదు.

స్టార్టప్ వాళ్ళకైనా ఒక జాగ్రత్త. మా పక్క వీధి అబ్బాయి అందరూ చెప్పినట్టే కోటి షేర్లతో డెలావేర్ కార్పొరేషన్ పెట్టాడు, ఆదాయం ఇంకా పైసా లేదు. ఏడాది తిరిగేసరికి 85,165 డాలర్ల ఫ్రాంచైజ్ టాక్స్ అని కాగితం వచ్చింది. పాపం ఆ రాత్రి వాళ్ళింట్లో ఎవరూ అన్నం తినలేదు. తర్వాత తెలిసిందేమిటంటే ఆ పన్ను లెక్కకట్టడానికి రెండు పద్ధతులున్నాయి, షేర్ల సంఖ్యని బట్టి ఒకటి, ఆస్తుల్ని బట్టి ఒకటి, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. రెండోదాంట్లో వాడికి కనీస పన్ను 400 పడింది, రిపోర్టు ఫీజు ఇంకో 50. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదు కదా.

అసలు మీకు ఉత్తరం రాయాలనిపించింది మాలాంటివాళ్ళ గురించి కూడా కాదు. మీ పత్రిక చదివేవాళ్ళలో విజయవాడలోనో వరంగల్‌లోనో కూర్చుని ఆన్‌లైన్లో అమెరికా ఎల్‌ఎల్‌సీ తెరిచే పిల్లలు ఈమధ్య ఎక్కువయ్యారు. అమెరికాలో లేని మనిషి అక్కడ ఒంటరిగా ఎల్‌ఎల్‌సీ పెడితే యజమానికీ కంపెనీకీ మధ్య లావాదేవీలు చూపించే ఫారం 5472 అని ఒకటి ఐఆర్‌ఎస్‌కి వేయాలి. కంపెనీలో సొంత డబ్బు పెట్టడం కూడా అందులో చూపించాల్సిన లావాదేవీయే. వేయకపోతే పెనాల్టీ 25,000 డాలర్లు, అంటే 20 లక్షల రూపాయల పైమాట, ఒక్క డాలరు పన్ను బాకీ లేకపోయినా సరే. ఇటు మన దేశంలో రిటర్ను వేసేటప్పుడు షెడ్యూల్ ఎఫ్‌ఏ లో ఆ విదేశీ కంపెనీ వివరాలు చూపించాలి, విజయవాడలో కూర్చుని చేసిన పని మీద వచ్చిన లాభానికి ఇండియాలో పన్ను కట్టాలి. కంపెనీ అమ్మే వెబ్‌సైట్లు ఇవేవీ పెద్దక్షరాల్లో చెప్పవు.

మేం ఈ ఏడాది డెలావేర్ కంపెనీని కాలిఫోర్నియా కంపెనీగా మార్చుకుంటున్నాం. అక్కణ్ణుంచి బయటపడాలన్నా ఈ ఏటి 300 కట్టి తీరాలట, కట్టేశాం.

మీరు సవరణ వేస్తే మొదటి పేజీలో అక్కర్లేదండీ, అదే ఎన్నారై పేజీలో అదే చోట వేయండి. ఎందుకంటే ఆ కటింగ్ మా డెకరేషన్ల గ్రూపులోకి అప్పుడే వచ్చేసింది, శాన్ రమోన్‌లో కొత్తగా మెహందీ పని మొదలుపెడుతున్న అమ్మాయి దాని కింద థాంక్స్ అక్కా అని పెట్టి, లింకు అడుగుతోంది.

ఇట్లు
ఒక పాఠకురాలు
ఫ్రీమాంట్, కాలిఫోర్నియా