మా ఐసీయూకి ట్యాబ్‌లు, స్టాండ్లు, అక్షరాల అట్ట ఇచ్చినవారికి కృతజ్ఞతలు

అడగ్గానే ఆరు ట్యాబ్‌లు, సిమ్‌లు పంపిన డల్లాస్ మిత్రులకు, స్టాండ్లు చేసిచ్చిన వెల్డింగ్ షాపు అన్నకు, అక్షరాల అట్ట రాసిచ్చిన తెలుగు మాస్టారికి మా ఐసీయూ నర్సులు, డాక్టర్లు, టెక్నీషియన్లందరి నమస్కారాలు. పేర్లు వేయొద్దన్నారు, వేయడం లేదు. ఐసీయూకి రాలేని ఇంటివాళ్లను పేషెంట్లతో వీడియో కాల్‌లో కలపడానికి, నోట్లో ట్యూబు వల్ల మాట రానివాళ్లు చెప్పేది తెలుసుకోవడానికి మీరిచ్చినవి ఎలా వాడుతున్నామో మాత్రం చెప్పాలి. ఇంకో ఆస్పత్రివాళ్లకూ పనికొస్తుంది.

ట్యాబ్ కొనడం తేలికే. పడుకున్న మనిషి కళ్లెదుట దాన్ని కదలకుండా నిలబెట్టడమే కష్టం. బజార్లో దొరికే వంగే మెడ స్టాండు 10 అంగుళాల ట్యాబ్ బరువుకి మెల్లగా తల వాల్చేస్తుంది. అది వెంటిలేటర్ ట్యూబు మీద వాలిందంటే ప్రమాదం. మంచం కమ్మీకి బిగిస్తే కమ్మీ దించిన ప్రతిసారీ ఊడదీయాలి. వెల్డింగ్ అన్న సెలైన్ స్టాండుకి అడుగున బరువు పెంచి, రెండు కీళ్ల ఇనుప చెయ్యి అతికించి, క్లాంపు జారకుండా లోపల సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఇచ్చారు. ఇప్పుడు వెంటిలేటర్ ఒక పక్క ఉంటే స్టాండు రెండో పక్క నిలబడుతుంది, ట్యాబ్ ముఖానికి అడుగున్నర దూరంలో ఉంటుంది. ఇంత చేసినా పేషెంటుకి కళ్లజోడు లేకపోతే అంతా మసకే. కళ్లజోడు, వినికిడి మిషను ఇంట్లోనే ఉండిపోతాయి కాబట్టి చేరిన రోజే తెమ్మని చెబుతున్నాం.

సిమ్‌లు ఎందుకు అడిగామంటే, ఆస్పత్రి వైఫై ఉండుండి మళ్లీ లాగిన్ అడుగుతుంది. అడిగేది సరిగ్గా మాట మధ్యలోనే. ఛార్జింగ్ నర్సింగ్ స్టేషన్‌లోనే పెడుతున్నాం, ఎందుకంటే మంచం తలవైపు ప్లగ్గులు వెంటిలేటర్‌కి, మందులెక్కించే పంపులకి కావాలి. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లేముందు 70 శాతం ఆల్కహాల్‌తో తడిసిన తుడుపు గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిస్తాం. స్ప్రే నేరుగా కొడితే స్పీకర్ రంధ్రాల్లోకి దిగుతుంది. బట్ట కవర్లు తీసేశాం, వాటిని శుభ్రం చేయడం కుదరదు.

కాల్ కలపడానికి ఒక వరుస ఉంది. పేషెంటు మెలకువగా ఉంటే ముందు ఆయన్నే అడుగుతాం, అందరికీ ఆ స్థితిలో కనిపించాలని ఉండదు. తర్వాత ట్యాబ్ మా వైపు తిప్పుకుని ఇంటివాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడతాం: ముఖం వాచి ఉంటుంది, నోట్లో ట్యూబు ఉంటుంది కాబట్టి మాట రాదు, అలారం మోగితే ప్రతిసారీ ప్రమాదమని కాదు. ఇది చెప్పకుండా చూపిస్తే అవతలివాళ్లు ఏడుస్తారు, ఇవతల పేషెంటుకి గుండె వేగం పెరుగుతుంది. పక్క మంచం కనపడకుండా తెర లాగుతాం. కఫం తీసే వేళ, డ్యూటీ మారే వేళ కాల్ పెట్టం. పది పదిహేను నిమిషాలు చాలు, ఒకేసారి ఇద్దరికి మించి వద్దు. మత్తులో ఉన్నవారిని ప్రశ్నలు అడగొద్దని, మీరెవరో, ఇవాళ ఏ వారమో, ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పమని అంటాం. అయ్యాక కాల్ వివరాలు చెరిపేస్తాం. జబ్బు సంగతులు ఈ కాల్‌లో చెప్పం. అవి డాక్టరుగారు విడిగా, ఇంటి తరఫున ఒక్కరితోనే మాట్లాడతారు.

డల్లాస్‌వాళ్లకి ఒక మాట. ఇక్కడ రాత్రి 8 అయితే మీకు వేసవిలో ఉదయం 9:30, చలికాలంలో 8:30. మార్చిలో, నవంబరులో మీ గడియారం మారినప్పుడల్లా మా కాల్ వేళల పట్టీ తప్పుతోంది. కువైట్‌లో ఉన్న ఇంటివాళ్లతో ఆ గొడవ లేదు, ఎప్పుడూ రెండున్నర గంటల తేడాయే.

తలుపు బయట ఉన్నవాళ్లను లోపలికి రానివ్వకుండా ట్యాబ్ చూపించడం మాకు సమ్మతం కాదు. 2020లో కోవిడ్ వల్ల తప్పలేదు. ఇప్పుడు ఇది రాలేనివాళ్ల కోసమే.

ఇక మాస్టారి అట్ట. ట్యూబు ఉన్న మనిషితో మాట్లాడాలంటే తెలుగులో చిక్కు గుణింతాలతోనే. అన్నీ వేస్తే గోడంత అట్ట కావాలి. మాస్టారు గుణింతాలు, వత్తులు తీసేసి వట్టి అక్షరాలు వరుసలుగా పేర్చారు, పైన ‘నొప్పి’, ‘దాహం’, ‘కఫం’, ‘పక్కకి తిప్పండి’ లాంటి మాటలు పెట్టారు. వేలు వరుసల మీద పైనుంచి కిందికి జరుపుతాం. కావలసిన వరుస దగ్గర పేషెంటు కళ్లు మూస్తారు. తర్వాత ఆ వరుసలో ఒక్కో అక్షరం. ‘ద’, ‘హ’ వస్తే దాహం. ‘గ’, ‘ర’ వస్తే మాకు గోరు, గరిటె తోచవచ్చు, అది ఈనబోయే గేదె గౌరి అని కొడుక్కే తెలుస్తుంది. అందుకే అట్ట ఫొటో ఇంటివాళ్లకూ పంపుతున్నాం. వీడియోలో వాళ్లే ‘క వరుసా? చ వరుసా?’ అని అడుగుతారు, మేం వేలు జరుపుతాం. తొందరపడి మాట పూర్తిచేయొద్దని మాత్రం ముందే చెప్పాలి. తప్పు మాట పలికితే పేషెంటు విసిగి కళ్లు మూసేస్తారు, దాన్ని మనం ‘అవును’ అనుకుంటాం.

మాస్టారూ, రెండో ప్రింటులో ‘పక్కకి తిప్పండి’ని అన్నిటికంటే పైకి తెండి. రోజంతా ఎక్కువగా అడుగుతున్నది అదే. అక్షరాలు ఇంకొంచెం లావుగా ఉంటే మంచిది.