ఐదు సున్నాలు కలిపితే ఐదు వేలు: విద్యుత్ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర విద్యుత్ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

ముప్పై రెండేళ్ళు ఒక సహకార సంఘంలో పద్దులు రాసి విరమణ పొందినవాడిని. తప్పుడు కూడిక కనబడితే ఇప్పటికీ నిద్ర పట్టదు. మార్చి నెలలో మా అక్క ఒక కరెంటు బిల్లు తెచ్చి, "నువ్వు లెక్కలు తెలిసినవాడివి, ఇదేమిటో చూడరా" అని నా చేతిలో పెట్టింది. చూశాను. కూడికలో తప్పు లేదు, గుణకారంలోనూ లేదు. తప్పు మాత్రం ఉంది. అది చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

బావ పోయి పదకొండేళ్ళయింది. అక్క జాకెట్లు కుట్టి బతుకుతుంది. తెల్ల రేషన్ కార్డు ఉంది. ప్రభుత్వం పథకాలకు అర్జీలు తీసుకున్న ప్రజాపాలనలో దరఖాస్తు పెట్టుకుంది. నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు అందుకుంటూ వచ్చింది. రెండు లైట్లు, ఒక ఫ్యాను, టీవీ, కుట్టు మిషనుకు పెట్టిన మోటారు, అన్నీ కలిపి నెలకు 40 యూనిట్లు. గత అక్టోబరులో కూతురు పురుటికి వచ్చింది. పసిబిడ్డ ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. చలికాలం కనుక నీళ్ళు కాచే హీటరు, అల్లుడు కొనిచ్చిన వాషింగ్ మెషిన్, రాత్రంతా వెలిగే లైటు. వాడకం పెరిగింది. అందులో దాచేదేమీ లేదు.

మీటరు వరండాలో, గ్రిల్లు లోపల ఉంది. మధ్యాహ్నం బిడ్డ పడుకునే వేళకు గ్రిల్లుకు తాళం వేసి వాళ్ళూ కాస్త నడుం వాల్చేవారు. రీడింగు తీసే కుర్రాడు సరిగ్గా ఆ వేళకే వచ్చేవాడు. ఒకసారి పిలిచి, పలకకపోతే యంత్రంలో 'డోర్ లాక్' అని నొక్కి, గ్రిల్లు సందులోంచి బిల్లు లోపలికి వేసి వెళ్ళేవాడు. అతన్ని అనడానికి నాకు నోరు రాదు. ఎండలో అన్ని వందల గడపలు ఎక్కి దిగేవాడు ఒక్కో గడప దగ్గర ఎంతసేపని నిలబడతాడు? తాళం మాదే, ఒప్పుకుంటాను.

నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. ఆ నాలుగు బిల్లులూ అక్క వంటింటి గోడకు వేలాడే ఇనుప తీగకు గుచ్చి ఉన్నాయి. తీసి చూశాను. ఆ నున్నటి కాగితం మీద అచ్చు అప్పుడే వెలిసిపోతోంది. నవంబరు బిల్లును కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చదవవలసి వచ్చింది. నాలుగింటిలోనూ 40 యూనిట్లే. ఇంట్లో మనుషులు పెరిగిన సంగతి యంత్రానికి తెలియదు కదా, పాత నెలల సగటు తీసి వేసింది. కట్టవలసింది సున్నా. సున్నా బిల్లును రెండోసారి ఎవరు చూస్తారు? అక్కా చూడలేదు.

మార్చి 6న గ్రిల్లు తీసే ఉంది. కూతురు అంతకు నాలుగు రోజుల ముందే బిడ్డతో అత్తవారింటికి వెళ్ళింది. అక్టోబరు రీడింగు 11,482. ఆ రోజు 12,282. తేడా 800. అందులోంచి నాలుగు నలభైలు, అంటే 160, తీసేసి, మిగిలిన 640 యూనిట్లూ ఒక్క మార్చి బిల్లులో వేశారు. జాకెట్లు కుట్టుకునే ఒంటరి మనిషి నెలలో 640 యూనిట్లు కాల్చిందట! ఏసీ గదిలో కూర్చుని కుట్టినా అంత కాలదు.

నెలకు 200 యూనిట్లు దాటితే జీరో బిల్లు లేదు. అంతటితో ఆగదు, 200 దాటిన ఇంటికి ధరల పట్టికే వేరు. మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020 రూపాయలు. తర్వాతి వందకు 7.70 చొప్పున 770. ఆ పై వందకు 9 చొప్పున 900. మిగిలిన 240కి 9.50 చొప్పున 2,280. వెరసి 4,970. కస్టమర్ చార్జీ, స్థిర చార్జీ, విద్యుత్ సుంకం కలిసి ఐదు వేల నూట చిల్లర తేలింది.

అవే 800 యూనిట్లను ఐదు నెలలకు పంచి చూడండి. నెలకు 160. ఐదుసార్లూ జీరో బిల్లే రావాలి. పథకం వర్తించని పొరుగింటివారు అదే 160 వాడితే మొదటి వందకు 3.40, మిగతా అరవైకి 4.80 చొప్పున నెలకు 628 కట్టేవారు. ఐదు నెలలకు 3,140. అంటే ఉచిత విద్యుత్తు ఉన్న మా అక్క, అది లేని పొరుగింటి కన్నా దాదాపు రెండు వేలు ఎక్కువ కట్టాలి. అదే స్తంభం నుంచి వచ్చిన కరెంటు, అన్నే యూనిట్లు. మీటరు వంక ఎప్పుడు చూశారన్నదొక్కటే తేడా.

ఇంకో మాట కూడా పద్దులో రాయాలి. నెలనెలా రీడింగు తీసి ఉంటే ఆ 628 రూపాయలు ప్రభుత్వం పంపిణీ సంస్థకు చెల్లించేది. తీయకపోవడంతో ఖజానా మీద ఉండవలసిన భారం కుట్టు మిషను మీదికి జారింది. ఎవరూ కావాలని చేసింది కాదు. ఎవరూ చేయలేదు కనుకే సరిదిద్దేవారు కూడా ఎవరూ కనబడటం లేదు.

బిల్లు పట్టుకుని కార్యాలయానికి వెళ్ళాం. కౌంటరులో ఉన్నాయన మర్యాదస్తుడే. అక్కకు కుర్చీ చూపించాడు, కంప్యూటర్ తెర మా వైపు తిప్పి చూపించాడు. "రీడింగు కరెక్టే కదండీ?" అన్నాడు. కరెక్టే. "యూనిట్లు మీరు వాడినవే కదా?" వాడినవే. "మరి?" అన్నాడు. ఆ "మరి"కి నేను కాగితం మీద వేసుకెళ్ళిన లెక్క చూపించాను. ఓపికగా చదివి, "మీరు చెప్పింది న్యాయమే, కానీ సిస్టమ్ ఇలాగే తీసుకుంటుంది. ముందు కట్టేసి తర్వాత అర్జీ పెట్టుకోండి. బకాయి ఉంటే వచ్చే నెల జీరో బిల్లు కూడా రాదు" అన్నాడు. న్యాయమేనని ఒప్పుకున్న మనిషితో ఇంకేమి వాదిస్తాం? బయటికి వచ్చి చెట్టు కింద చెరకు రసం తాగి ఇంటికి వచ్చాం.

ఆ రాత్రి నిబంధనలు తిరగేశాను. కేంద్రం 2020 డిసెంబరులో విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు తెచ్చింది. రీడింగు తీయకుండా అంచనాతో వేసే తాత్కాలిక బిల్లులు ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక వినియోగదారుకు రెండుకు మించి ఇవ్వకూడదని వాటిలో ఉంది. మా అక్కకు నాలుగిచ్చారు. మీటరు అందుబాటులో లేక వరుసగా రెండుసార్లు రీడింగు తీయలేకపోతే, వినియోగదారు మీటరు ఫొటో తీసి పంపవచ్చని కూడా ఉంది. ఆ సంగతి అక్కకు ఎవరు చెప్పారు? ఆమె దగ్గర ఫోను ఉంది, మనవరాలి ఫొటోలు రోజుకు పది తీసేది. ఒకటి మీటరుకు తీయమంటే తీయదా? 'డోర్ లాక్' అని ఇంగ్లీషులో అచ్చువేసే యంత్రం, దాని కింద 'మీటరు ఫొటో ఈ నంబరుకు పంపండి' అని ఒక్క తెలుగు ముక్క అచ్చువేయలేదా?

2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ చదివినప్పుడు మాత్రం నాకు నవ్వొచ్చింది. బిల్లు మీద వివాదం ఉన్నప్పుడు, అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల్లో కట్టిన సగటు చార్జీ లెక్కన గానీ, ఏది తక్కువైతే అది అభ్యంతరం తెలుపుతూ జమ చేస్తే వివాదం తేలేదాకా కనెక్షన్ తీయకూడదు. గత ఆరు నెలల్లో మా అక్క కట్టిన సగటు సున్నా. సున్నా రూపాయలు ఏ కౌంటరులో కట్టించుకుంటారో, దానికి రసీదు ఎవరు రాస్తారో చట్టంలో లేదు.

యూనిట్లను నెలలకు పంచడం మీ శాఖకు తెలియని విద్య కాదు. 2020 లాక్‌డౌన్‌లో ఇంటింటికీ తిరగలేక, ఏప్రిల్, మే నెలలకు అంతకుముందు ఏడాది అవే నెలల వాడకాన్ని బట్టి బిల్లులు వేశారు. జూన్‌లో మూడు నెలల రీడింగు ఒకేసారి తీశారు. బిల్లులు చూసి జనం గగ్గోలు పెడితే, మొత్తం యూనిట్లను మూడు నెలలకు సగటు చేసే శ్లాబు, అంటే యూనిట్లను బట్టి మారే ధర మెట్టు, లెక్కించామని అప్పటి ప్రభుత్వం సమాధానం చెప్పింది. రాష్ట్రమంతటికీ చేయగలిగిన భాగహారం మా అక్క ఒక్కదానికి ఎందుకు కుదరదు?

నెలనెలా చూస్తే ఏదో ఒక నెల 200 దాటి ఉండవచ్చునని మీ అధికారులు అనవచ్చు. డిసెంబరు చలిలో దాటినా దాటి ఉండవచ్చు, నేను కాదనను. కానీ ఆ మాట చెప్పవలసింది డిసెంబరు రీడింగు. అది తీయనప్పుడు సగటును మించిన సాక్ష్యం ఎవరి దగ్గరా లేదు. నాలుగు నెలలు సగటును నమ్మి బిల్లు వేసిన సంస్థ, ఐదో నెలలో సగటును నమ్మనంటే ఎలా?

అడిగేది ఒక్కటే. అంచనా బిల్లుల తర్వాత అసలు రీడింగు తీసినప్పుడు, ఆ యూనిట్లను అవి కాలిన నెలలన్నిటికీ పంచి, ఏ నెలకా నెల శ్లాబు కట్టి, గృహజ్యోతి ఉన్న ఇంటికి ఏ నెలకా నెల 200 పరిమితి చూడమని ఆదేశం ఇవ్వండి. ఆదేశం కాగితం మీద ఉంటే చాలదు, ఆ కుర్రాడి చేతిలోని యంత్రంలోకి ఎక్కాలి. ఎందుకంటే కౌంటరులో మనిషి ఎంత మంచివాడైనా చివరికి యంత్రం చెప్పిందే చెబుతాడు.

అక్క తరఫున ఫిర్యాదుల పరిష్కార వేదికకు అర్జీ పెట్టాను, అది దాని దారిన నడుస్తుంది. ఏప్రిల్ 6న అక్క గ్రిల్లు బార్లా తీసి, మధ్యాహ్నం భోజనం కూడా మానుకుని, వరండాలో మిషను వేసుకుని కూర్చుంది. కుర్రాడు వచ్చాడు, మంచినీళ్ళు అడిగి తాగాడు, రీడింగు తీశాడు. 41 యూనిట్లు. చేతికిచ్చిన బిల్లులో సున్నా లేదు. మార్చి బకాయి ఉంది, దానికి తోడు ఆ 41 యూనిట్ల చార్జీ కూడా ఉంది. అక్క దాన్ని తీగకు గుచ్చలేదు. మడిచి నాకు పంపింది.

ఇట్లు,
ఒక వినియోగదారురాలి తమ్ముడు